స్టీల్ హ్యాంగర్: విమానానికి గూడు కట్టాలంటే ధర కాదు.. ముందు తలుపు, గాలి, పునాది చూడాలి!

విమానాన్ని కోట్లు పోసి కొంటారు. దాన్ని పెట్టే షెడ్డు దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘చదరపు అడుగు ఎంత?’ అనే ఒక్క ప్రశ్నతో బేరం మొదలుపెడతారు. చిక్కంతా అక్కడే వస్తోంది. చవగ్గా వచ్చిందని కట్టించిన షెడ్డులో విమానం రెక్క పట్టకపోవచ్చు. పట్టినా తలుపు బిగుసుకుపోవచ్చు. అన్నీ బాగున్నా ఒక్క పెద్ద గాలికి పైకప్పు లేచిపోవచ్చు.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. గంటకు 180 కిలోమీటర్ల స్థాయిలో వీచిన గాలులకు విశాఖ విమానాశ్రయం టెర్మినల్ పైకప్పు దెబ్బతింది. విమానాల రాకపోకలు కొన్ని రోజుల పాటు ఆగిపోయాయి. ఇంజినీర్లు లెక్కలు కట్టి నిలబెట్టిన భవనానికే ఆ పరిస్థితి వచ్చిందంటే.. గోదాము డిజైన్‌కి పెద్ద తలుపు తగిలించి ‘హ్యాంగర్’ అని అమ్మే షెడ్డు సంగతేంటి?

ఇప్పుడు ఈ విషయం తెలుగు రాష్ట్రాల్లోనూ అవసరమే. బేగంపేటలో తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ ఉంది. ఫ్లయింగ్ స్కూళ్ల కోసం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రెండో విడతలో ఎంపిక చేసిన ఐదు విమానాశ్రయాల్లో కడప కూడా ఒకటి. ట్రైనింగ్ విమానం వచ్చిందంటే దానికో హ్యాంగర్ కావాల్సిందే. మరి స్టీల్ హ్యాంగర్ కొనాలంటే ఏది ముందు, ఏది తర్వాత చూడాలి? ఒక్కో మెట్టూ చూద్దాం.

అసలు హ్యాంగర్ అంటే ఏంటి? స్టీలే ఎందుకు?

హ్యాంగర్ అంటే విమానాన్ని ఎండ, వాన, గాలి నుంచి కాపాడే షెడ్డు. రిపేర్లు, తనిఖీలు కూడా అందులోనే చేస్తారు. మామూలు గోదాముకీ దీనికీ రెండు పెద్ద తేడాలున్నాయి. ఒకటి.. లోపల ఎక్కడా స్తంభం ఉండకూడదు. రెక్కలు చాచిన విమానం తిరగాలంటే మధ్యలో స్తంభం అడ్డు రాకూడదు కదా. రెండోది.. ఒకవైపు గోడ దాదాపు మొత్తం తలుపే.

ఈ రెండూ స్టీలుతో తేలిగ్గా కుదురుతాయి. ఫ్యాక్టరీలో ఫ్రేములు ముందే తయారుచేసి, సైటుకి తెచ్చి బోల్టులతో బిగించే పద్ధతిని ప్రీ ఇంజినీర్డ్ బిల్డింగ్ అంటారు. వాడుకలో ‘పీఈబీ’. అక్కడ ఫ్రేములు తయారవుతుంటే ఇక్కడ పునాదులు వేసుకోవచ్చు. రేపు ఇంకో విమానం వస్తే వెనక్కో పక్కకో పెంచుకోవచ్చు, పెంచే ఆలోచన ఉందని ముందే చెబితేనే సుమా! మన దగ్గర పీఈబీ ఫ్యాక్టరీలకు కొదవ లేదు. సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో కిర్బీ, సదాశివపేటలో పెన్నార్ లాంటి కంపెనీల ప్లాంట్లు ఉన్నాయి.

మొదటి మెట్టు: విమానం కొలత

షెడ్డు సైజు చూసి విమానం పెట్టుకోవడం కాదు. విమానం సైజు చూసి షెడ్డు కట్టుకోవాలి. మూడు కొలతలు కావాలి. రెక్కల వెడల్పు, ముక్కు నుంచి తోక దాకా పొడవు, తోక ఎత్తు.

- ఫ్లయింగ్ స్కూళ్లలో ఎక్కువగా కనిపించే సెస్నా 172 రెక్కల వెడల్పు 36 అడుగుల 1 అంగుళం. పొడవు 27 అడుగుల 2 అంగుళాలు. ఎత్తు 8 అడుగుల 11 అంగుళాలు.
- రెండు ఇంజిన్ల డైమండ్ డీఏ 42 రెక్కల వెడల్పు సుమారు 44 అడుగులు.
- వీఐపీల ప్రయాణాలకు, ఎయిర్ అంబులెన్సులకు వాడే కింగ్ ఎయిర్ బీ200 రెక్కల వెడల్పు 54 అడుగుల 6 అంగుళాలు. తోక ఎత్తు 15 అడుగులు.
- బెల్ 407 హెలికాప్టర్ రోటర్ వ్యాసం 35 అడుగులు.

ఈ అంకెలకు అటూ ఇటూ ఖాళీ కలపాలి. చిన్న విమానమైతే ఒక్కో రెక్క చివర కనీసం 3 అడుగులు వదలడం మంచిది. 5 అడుగులుంటే ఇంకా నిశ్చింత. విమానాన్ని లోపలికి తోసేది మనుషులు. రాత్రి పూట, వాన పడుతుంటే, ఒక్కోసారి ఇద్దరే ఉన్నప్పుడు కూడా తోయాల్సి వస్తుంది. 60 అడుగుల తలుపులోంచి కింగ్ ఎయిర్‌ని తోస్తే ఒక్కో పక్క మిగిలేది 2 అడుగుల 9 అంగుళాలే. రెక్క చివర లైటు పగిలినా ఆ రోజుకి విమానం ఎగరదు.

ఒకటికి మించి విమానాలుంటే చిన్న చిట్కా ఉంది. గ్రాఫ్ కాగితం మీద హ్యాంగర్ నేలను స్కేలుకి గీయండి. అదే స్కేలులో అట్టముక్కలతో విమానాల ఆకారాలు కత్తిరించండి. వాటిని లోపలికి, బయటికి జరిపి చూడండి. వెనకున్న విమానం బయటికి రావాలంటే ముందున్నవి ఎన్ని కదపాలో అప్పుడు తెలుస్తుంది. పొద్దున ఫ్లయింగ్ మొదలయ్యే వేళకి మూడు విమానాలు బయటికి లాగితే గానీ నాలుగోది కదలదంటే ఆ ప్లాన్ పనికిరాదు.

ఇంకో మాట. ఇవాళ సెస్నా ఉంది.. నాలుగేళ్ల తర్వాత ఏం కొంటారు? షెడ్డును వెనక్కి పెంచడం సులువు. తలుపును వెడల్పు చేయడం మాత్రం దాదాపు కొత్త హ్యాంగర్ కట్టినంత పని. అందుకే తలుపు రేపటి విమానానికి సరిపోవాలి.

రెండో మెట్టు: తలుపు

హ్యాంగర్ కొనడమంటే నిజానికి తలుపు కొనడమే. షెడ్డు ఆ తలుపుని పట్టుకుని నిలబడే చట్రం. ఎక్కువగా వాడే తలుపులు మూడు రకాలు.

స్లైడింగ్ తలుపు: పట్టాల మీద పక్కకి జరుగుతుంది. యంత్రం తక్కువ. కరెంటు పోయినా చేత్తో తోయొచ్చు. కానీ జరిగిన తలుపులు నిలబడడానికి పక్కన చోటు కావాలి. ఆ చోటు లేకపోతే రెండు పట్టాల మీది తలుపు సగం వెడల్పే తెరుచుకుంటుంది. మూడు పట్టాలుంటే మూడింట రెండు వంతులు. కింది పట్టా గాడిలో మట్టి, నీళ్లు చేరకుండా ఎప్పటికప్పుడు శుభ్రం చేసుకోవాలి.

బైఫోల్డ్ తలుపు: మధ్యలో మడత పడి పైకి లేస్తుంది. పక్కన చోటు అక్కర్లేదు. అయితే మడిచిన తలుపు పైన కొంత ఎత్తుని తినేస్తుంది. దాని బరువంతా తలుపు మీదుండే దూలానికి వేలాడుతుంది.

హైడ్రాలిక్ తలుపు: ఒకే పలకగా బయటికి లేచి పందిరిలా నిలబడుతుంది. ఎత్తు దాదాపు వృథా కాదు. కానీ తెరిచి ఉన్నప్పుడు గాలి తగిలితే తెరచాపే! ఆ తోపుడంతా పక్క స్తంభాల మీద పడుతుంది.

ఏ తలుపు ఎంచుకున్నా దాని బరువు, అది ఫ్రేముని ఎటు లాగుతుందన్న వివరం షెడ్డు డిజైన్ చేసే ఇంజినీరుకి ముందే చేరాలి. ‘షెడ్డు ఒకరి దగ్గర, తలుపు తర్వాత చూసుకుందాం’ అనుకుంటే మోసపోతారు. తలుపు బరువు లెక్కలో లేని దూలం కొన్నాళ్లకి వంగుతుంది. తలుపు మధ్యలో ఇరుక్కుంటుంది. విమానం లోపల, పైలట్ బయట!

మరో మెలిక. కొటేషన్లో ‘వెడల్పు 60 అడుగులు, ఎత్తు 18 అడుగులు’ అని రాస్తారు. ఆ వెడల్పు సాధారణంగా బయటి గోడ నుంచి బయటి గోడకి. ఆ ఎత్తు చూరు దగ్గరిది. స్తంభాలు, దూలం, తలుపు మడత తీసేస్తే విమానానికి మిగిలే దారి అంతకన్నా తక్కువ. అందుకే ఒకటే అడగండి.. ‘తలుపు పూర్తిగా తెరిచాక అడ్డం లేకుండా మిగిలే వెడల్పెంత? ఎత్తెంత?’ ఆ రెండు అంకెలూ రాతపూర్వకంగా తీసుకోండి.

మూడో మెట్టు: గాలి లెక్క

మన దేశంలో భవనాల మీద గాలి భారం లెక్కగట్టడానికి ఐఎస్ 875 మూడో భాగం అనే ప్రమాణం ఉంది. 2015లో సవరించారు. ఊరిని బట్టి మూల గాలి వేగం మారుతుంది. కర్నూలుకు సెకనుకి 39 మీటర్లు. హైదరాబాద్‌కు 44. విశాఖ, విజయవాడ, నెల్లూరుకు 50. సెకనుకి 50 మీటర్లంటే గంటకు 180 కిలోమీటర్లు.

ఇక్కడే చాలామంది పొరబడతారు. గాలి ఒత్తిడి వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపైతే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది. కర్నూలు కన్నా విశాఖ గాలి వేగం 28 శాతమే ఎక్కువ. కానీ ఒత్తిడి 64 శాతం ఎక్కువ. అంటే కర్నూలు లెక్కతో చేసిన డిజైన్‌ని అదే ధరకి విశాఖలో నిలబెడతామని ఎవరైనా అంటే అనుమానించాల్సిందే.

తూర్పు తీరానికి 60 కిలోమీటర్ల లోపు ఉంటే ఇంకో గుణకం కలుస్తుంది. పారిశ్రామిక షెడ్లకు గాలి వేగాన్ని 1.15తో, తుపాను తర్వాత సహాయక చర్యలకు అవసరమయ్యే కట్టడాలకు 1.30తో గుణించాలి. ఒత్తిడి పరంగా చూస్తే ఇది 32 శాతం, 69 శాతం అదనం. మీ హెలికాప్టర్ తుపాను సహాయానికి వెళ్లేదైతే ఏ గుణకం వాడాలో ఇంజినీరుని అడిగి తేల్చుకోండి. తుపాను రోజున షెడ్డు కూలితే మర్నాడు సాయానికి వెళ్లే హెలికాప్టర్ ఉండదు.

ఇక తలుపు సంగతి మళ్లీ వస్తుంది. తలుపులు మూసి ఉన్నప్పుడు గాలి షెడ్డుని బయటి నుంచే నెడుతుంది, లాగుతుంది. తలుపు తెరిచి ఉన్నా, ఊడిపోయినా గాలి లోపలికి దూరి పైకప్పుని కింది నుంచి తంతుంది. గోడలో 20 శాతానికి మించి ఖాళీ ఉంటే లోపలి ఒత్తిడి గుణకం 0.7 తీసుకోవాలని ప్రమాణం చెబుతుంది. ఖాళీలు 5 శాతం లోపుంటే అది 0.2 మాత్రమే. మామూలు గోదాముకి 0.2తో సరిపెట్టొచ్చేమో గానీ.. ఒక గోడంతా తలుపే అయిన హ్యాంగర్‌కి ఆ లెక్క చాలదు.

నాలుగో మెట్టు: పునాది

చిన్న లెక్క చూద్దాం. ఇది అర్థం కావడానికే.. డిజైన్ కాదు. 60 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పున్న హ్యాంగర్ అనుకుందాం. నేల విస్తీర్ణం సుమారు 335 చదరపు మీటర్లు. సెకనుకి 50 మీటర్ల గాలికి మూల ఒత్తిడి చదరపు మీటరుకి 1,500 న్యూటన్లు. పైకప్పుని బయటి గాలి 0.8 గుణకంతో పైకి లాగుతోందనుకుందాం.

తలుపు మూసి ఉంటే లోపలి 0.2 కలిపి గుణకం 1. పైకి లేపే బలం సుమారు 51 టన్నులు. తలుపు తెరిచి ఉంటే లోపలి 0.7 కలిపి 1.5. లేపే బలం సుమారు 77 టన్నులు. ఇంత సైజు షెడ్డులో స్టీలు, రేకులు అన్నీ కలిపినా బరువు దాదాపు 10 టన్నులు, మహా అయితే 15. మిగిలిన బలాన్ని ఎవరు పట్టుకోవాలి? పునాది కాంక్రీటు, దాని మీది మట్టి!

మనం ఇల్లు కట్టేటప్పుడు పునాది బరువు మోయడానికి అనుకుంటాం. హ్యాంగర్ పునాదికి అసలు పని షెడ్డు ఎగిరిపోకుండా పట్టుకోవడం. అందుకే మట్టి పరీక్ష తప్పనిసరి. నల్లరేగడి అయితే తడికి ఉబ్బుతుంది, ఎండకి బీటలు వారుతుంది. అక్కడ పునాది తీరే వేరు. చాలా పీఈబీ కొటేషన్లలో పునాది ఉండదు. కంపెనీ స్తంభం అడుగున పడే బలాల లెక్క మాత్రమే ఇస్తుంది. ఆ కాగితాన్ని సివిల్ ఇంజినీరుకి ఇచ్చి పునాది విడిగా డిజైన్ చేయించాలి. కిందకి నొక్కే బలంతో పాటు పైకి లాగే బలం కూడా ఆ కాగితంలో ఉందో లేదో చూడండి.

యాంకర్ బోల్టుల దగ్గర తొందర పనికిరాదు. కాంక్రీటు పోసేటప్పుడు బోల్టులు అటూ ఇటూ జరిగితే ఫ్రేము కూర్చోదు. అప్పుడు సైటులో గ్యాస్ కట్టర్‌తో బేస్ ప్లేటు రంధ్రాలు పెద్దవి చేసేస్తారు. అది ఒప్పుకోవద్దు. పోసే ముందే టెంప్లేట్ పెట్టి, టేపు పట్టి కొలిపించండి.

నేల, నీళ్లు.. వీటిని మరవొద్దు

2020 మేలో అంఫాన్ తుపానుకి కోల్‌కతా విమానాశ్రయంలో రన్‌వేతో పాటు హ్యాంగర్లలోకీ నీళ్లు చేరాయి. 2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపాను వానలకి చెన్నై విమానాశ్రయాన్నే మూసేయాల్సి వచ్చింది. గాలికి నిలబడిన హ్యాంగర్ నీళ్లకి ఓడిపోవచ్చు.

ఇంటికైతే నాలుగు మెట్లు ఎత్తు పెడతాం. విమానానికి మెట్లు పనికిరావు. అందుకే చుట్టుపక్కల కన్నా ఎత్తైన స్థలం చూసుకోవాలి. హ్యాంగర్ ముందున్న కాంక్రీటు నేల బయటికి వాలుగా ఉండాలి. గుమ్మం ముందు నీళ్లు పట్టే కాలువ, దాని మీద చక్రాల బరువు మోసే జాలీ కావాలి. అయితే వాలు మరీ ఎక్కువైతే విమానాన్ని చేత్తో లోపలికి తోయలేరు. నేల మందం విమానం చక్రం మీద పడే బరువుని బట్టి ఉండాలి గానీ షెడ్డు సైజుని బట్టి కాదు.

అనుమతులు ఏంటి?

విమానాశ్రయం లోపలైతే స్థలం మీది కాదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నుంచో, విమానాశ్రయం నడిపే సంస్థ నుంచో లీజుకి తీసుకోవాలి. సంతకం పెట్టే ముందు అడగాల్సిన ప్రశ్న.. లీజు అయిపోయాక షెడ్డు ఎవరిది? విప్పి పట్టుకెళ్లొచ్చా, వదిలేయాలా? బోల్టులతో బిగించిన స్టీల్ షెడ్డుని విప్పొచ్చు. కానీ ఒప్పందంలో ఆ హక్కు ఉండాలి.

విమానాశ్రయానికి దగ్గర్లో ఏ కట్టడానికైనా ఎత్తు అనుమతి కావాలి. 2015 నాటి పౌర విమానయాన శాఖ ఎత్తు పరిమితుల నిబంధనల ప్రకారం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ‘నోకాస్’ ఆన్‌లైన్ పోర్టల్ ద్వారా ఎన్‌ఓసీ ఇస్తుంది. స్థలం అక్షాంశ రేఖాంశాలు, సముద్ర మట్టం నుంచి ఎత్తు సర్వే చేయించి ఇవ్వాలి. ఇది రాకుండా ఫ్రేములకి ఆర్డర్ ఇవ్వొద్దు. ఎత్తు రెండడుగులు తగ్గించమంటే డిజైన్ మళ్లీ మొదటికొస్తుంది. నిలబెట్టేటప్పుడు వాడే క్రేన్ ఎత్తు గురించి కూడా విమానాశ్రయం అధికారులతో ముందే మాట్లాడుకోవాలి. పెద్ద ఇనుప గోడ ల్యాండింగ్ సిగ్నళ్లని చెదరగొట్టే వీలుంది. కాబట్టి హ్యాంగర్ ఎటు తిరిగి ఉండాలన్నది కూడా వాళ్లతో చర్చించాలి.

వీటికి తోడు స్థానిక సంస్థ భవన అనుమతి, అగ్నిమాపక శాఖ అనుమతి ఉంటాయి. ఇతరుల విమానాలకు మరమ్మతులు చేసే హ్యాంగర్ అయితే డీజీసీఏ సీఏఆర్ 145 ఆమోదం వేరే. ఆ ఆమోదానికి హ్యాంగర్ వసతులు కూడా సరిపోవాలి కాబట్టి స్టోర్ రూము, పరికరాల గది ప్లాన్‌లోనే పెట్టుకోవాలి.

అమెరికాలో సొంత విమానం నడుపుతున్న మనవాళ్లకి దారి వేరు. విమానాశ్రయాల దగ్గర కట్టేటప్పుడు నోటీసు అవసరమైన చోట ఎఫ్‌ఏఏకి 7460-1 ఫారం పంపాలి. పని మొదలుపెట్టడానికి గానీ, నిర్మాణ పర్మిట్‌కి దరఖాస్తు చేయడానికి గానీ.. ఏది ముందైతే దానికి కనీసం 45 రోజుల ముందు ఇది చేయాలి. అక్కడ ఉత్తరాది రాష్ట్రాల్లో గాలితో పాటు పైకప్పు మీద పేరుకునే మంచు బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

అగ్గి ముప్పు

చిన్న విమానాల్లో వాడే ఏవ్‌గ్యాస్ పెట్రోలు లాంటిది. దాని ఆవిరి గాలి కన్నా బరువు. నేల మీద పాకుతుంది. అందుకే హ్యాంగర్లో నేల నుంచి 18 అంగుళాల ఎత్తు దాకా ప్రమాద ప్రాంతంగా చూస్తారు. మామూలు ప్లగ్ బోర్డులు, స్విచ్‌లు అంతకన్నా పైనే ఉండాలి. హ్యాంగర్ లోపల ఇంధనం నింపడం, వంపడం చేయకూడదు. షెడ్డుకి ఎర్తింగ్, పిడుగు రక్షణ తప్పనిసరిగా పెట్టించాలి.

స్టీలు కాలదు కదా అనే ధీమా వద్దు. మంటల వేడికి స్టీలు బలం కోల్పోయి వంగిపోతుంది. అగ్నిమాపక వ్యవస్థ ఏ స్థాయిలో ఉండాలన్నది హ్యాంగర్ సైజు, తలుపు ఎత్తుని బట్టి మారుతుంది. మన దగ్గర 2016 నేషనల్ బిల్డింగ్ కోడ్ నాలుగో భాగం అగ్ని భద్రత గురించి చెబుతుంది. అమెరికాలో హ్యాంగర్ల కోసమే ఎన్‌ఎఫ్‌పీఏ 409 అనే ప్రమాణం ఉంది. తలుపు ఎత్తు 28 అడుగులు దాటినా, ఒకే అగ్ని విభాగం 40 వేల చదరపు అడుగులు మించినా దాన్ని మొదటి తరగతి హ్యాంగర్‌గా లెక్కిస్తారు. తరగతి మారితే ఖర్చూ మారుతుంది. కాబట్టి సైజు ఖరారు చేసే ముందే అగ్నిమాపక నిపుణుడితో మాట్లాడాలి.

కొటేషన్ ఎలా చదవాలి?

మూడు కంపెనీల నుంచి కొటేషన్లు తెచ్చుకున్నారు. ఒకటి మిగతావాటి కన్నా బాగా తక్కువ. సంబరపడే ముందు అందులో ఏం లేదో వెతకండి. చాలాసార్లు కొటేషన్ బయట ఉండిపోయేవి ఇవే..

- తలుపు, దాని మోటారు
- పునాది, నేల కాంక్రీటు
- క్రేన్, నిలబెట్టే కూలి
- రవాణా, పన్నులు
- వేడి తగ్గించే ఇన్సులేషన్
- గట్టర్లు, వాన నీటి పైపులు
- వెలుతురు షీట్లు, టర్బో వెంటిలేటర్లు

మూడు కంపెనీలకీ ఒకే కాగితం ఇవ్వండి. అందులో తలుపు కొలత, ఊరు, గాలి వేగం, గుణకాలు, తలుపు రకం, క్రేన్ బిగిస్తారా లేదా అన్నీ రాయండి. అందరూ అదే లెక్కకి ధర చెప్తేనే పోల్చడానికి వీలవుతుంది. స్టీలు బరువు తగ్గించి ధర తగ్గించడం అందరికీ తెలిసిన కిటుకే. బరువు తక్కువంటే మంచి డిజైన్ అయినా కావొచ్చు.. గాలిని తక్కువ లెక్కేసినా కావొచ్చు. లెక్కల పుస్తకం తెప్పించుకుని మీ తరఫున వేరే స్ట్రక్చరల్ ఇంజినీరుతో చూపించండి. విమానం ధరతో పోలిస్తే ఆ ఫీజు ఏపాటిది?

డబ్బు ఒకేసారి కట్టొద్దు. డ్రాయింగులు ఆమోదించాక కొంత, సరుకు బయల్దేరేటప్పుడు కొంత, నిలబెట్టాక కొంత.. ఇలా విడతలుగా పెట్టుకోండి. చివరి విడత మాత్రం తలుపు తెరిచి మూసి, విమానం లోపలికి వెళ్లి బయటికొచ్చాకే ఇవ్వాలి. స్టీలుకి ఫ్యాక్టరీ పరీక్ష సర్టిఫికెట్లు అడిగి తీసుకోండి.

నిలబెట్టే రోజులే అత్యంత ప్రమాదం

2024 జనవరి 31. అమెరికాలోని ఐడాహో రాష్ట్రం బోయిసీ విమానాశ్రయం దగ్గర నిర్మాణంలో ఉన్న స్టీల్ హ్యాంగర్ కుప్పకూలింది. ముగ్గురు చనిపోయారు. తొమ్మిది మంది గాయపడ్డారు. ఫ్రేములు నిలబడడానికి తగినంత బ్రేసింగ్, బిగించిన గై వైర్లు లేవని అక్కడి కార్మిక భద్రతా సంస్థ విచారణలో తేల్చింది. దూలాలు వంగడం, వైర్లు తెగడం లాంటి హెచ్చరికలు ముందే కనిపించినా పట్టించుకోలేదని చెప్పింది.

పూర్తయిన హ్యాంగర్ గట్టిదే. సగం కట్టిన హ్యాంగర్ మాత్రం పేకమేడ. రేకులు, పర్లిన్లు, అడ్డ కడ్డీలు అన్నీ కలిస్తేనే ఫ్రేముకి బలం వస్తుంది. అందుకే మొదట రెండు ఫ్రేములు నిలబెట్టి వాటి మధ్య బ్రేసింగ్ పూర్తిగా బిగించాలి. ఆ తర్వాతే మూడోది. సాయంత్రం పని ఆపేటప్పుడు బ్రేసింగ్ లేని ఫ్రేము ఒక్కటీ నిలబడి ఉండకూడదు. గాలి పెరిగితే క్రేన్ ఆపేయాలి. పైన పనిచేసే ప్రతి ఒక్కరికీ సేఫ్టీ బెల్టు ఉండాలి. ఎక్కడైనా దూలం వంగినట్టు కనిపిస్తే ముందు మనుషుల్ని బయటికి పంపాలి.. కారణం తర్వాత వెతకొచ్చు. ‘పని ఆగితే రోజుకి ఇంత నష్టం’ అనే లెక్క యజమాని నోటి నుంచి రాకూడదు.

ఎండ, ఉప్పుగాలి, పావురాలు

మన ఎండలకి ఇన్సులేషన్ లేని రేకు షెడ్డు పొయ్యిలా కాగుతుంది. విమానం లోపలి పరికరాలకీ, సీట్లకీ అది మంచిది కాదు. మెకానిక్ కూడా మధ్యాహ్నం పనిచేయలేడు. పైకప్పు కింద ఇన్సులేషన్, పైన గాలి బయటికి పోయే దారి రెండూ కావాలి.

తీరంలో అయితే తుప్పు పెద్ద శత్రువు. పైకప్పుకి మామూలు జింకు రేకు కన్నా అల్యూమినియం, జింకు కలిపి పూత వేసిన గాల్వాల్యూమ్ రేకు మేలు. ఆ పూతలో 55 శాతం అల్యూమినియమే. స్క్రూలు కూడా అదే స్థాయివి కావాలి. రేకు బాగుండి స్క్రూ తుప్పు పడితే గాలికి ముందు లేచేది అక్కడే.

ఇక పావురాలు. నవ్వుకోవద్దు.. హ్యాంగర్ నడిపేవాళ్లని అడిగితే చెప్తారు. పర్లిన్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. వాటి రెట్ట విమానం పెయింటునీ, లోహాన్నీ తినేస్తుంది. ఖాళీలన్నిటికీ మొదట్లోనే వల కొట్టించడం చవక.

తుపాను హెచ్చరిక వస్తే?

వీలుంటే విమానాన్ని ఎగరేసి తుపాను దారికి దూరంగా తీసుకెళ్లడమే అన్నిటికన్నా మంచిది. కుదరకపోతే తలుపు పూర్తిగా మూసి, గడియలు, కింది పిన్నులు అన్నీ వేయాలి. లోపల కూడా విమానాన్ని నేలలోని కొక్కేలకి కట్టాలి. ఆ కొక్కేలు కాంక్రీటు పోసేటప్పుడే పెట్టించుకోవాలి. బయట వదులుగా ఉన్న నిచ్చెనలు, డ్రమ్ములు లోపలికి చేర్చాలి. గాలికి ఎగిరే డ్రమ్ము తలుపుని చీలిస్తే ఏమవుతుందో పైన లెక్కలో చూశాం. 51 టన్నుల లాగుడు 77 అవుతుంది.

ఆర్డర్ ఇచ్చే ముందు ఈ 8 ప్రశ్నలు

1. తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే వెడల్పు, ఎత్తు ఎంత?
2. ఏ ఊరి గాలి వేగంతో డిజైన్ చేశారు? తీర ప్రాంత గుణకం కలిపారా?
3. తలుపు తెరిచి ఉన్నప్పటి లోపలి ఒత్తిడిని లెక్కించారా?
4. తలుపు బరువు దూలం డిజైన్లో ఉందా?
5. పునాది మీద పైకి లాగే బలం ఎంతో రాసిచ్చారా?
6. ఎత్తు ఎన్‌ఓసీ చేతికి వచ్చిందా?
7. నిలబెట్టేటప్పుడు బ్రేసింగ్ ప్లాన్ ఎవరు ఇస్తారు? సైటులో దాన్ని ఎవరు చూస్తారు?
8. కొటేషన్లో లేనివి ఏంటి?

ఎనిమిదింటికీ కాగితం మీద జవాబులొచ్చాక.. అప్పుడు అడగండి చదరపు అడుగు ఎంతని!